కమిటీలు వేయండి, కానీ మా ఊరి కానిస్టేబుల్‌ను మా ఊరికే ఉంచండి

సంపాదకులకు నమస్కారం.

మా మండలంలో ఊరికొక కమిటీ వేసి, నెలకోసారి పోలీసులతో కూర్చోబెట్టాలని అనుకుంటున్నారు. పేర్లు పంపమని పంచాయతీకి కబురొచ్చింది. మా ఊరి నుంచి వెళ్లిన జాబితాలో మాజీ ప్రజాప్రతినిధులు, ఎరువుల దుకాణం ఆయన, రైస్ మిల్లు ఆయన, యువజన సంఘాల అధ్యక్షులు ఉన్నారు. ఆడమనిషి పేరు ఒక్కటీ లేదు. ఎస్సీ కాలనీ నుంచి ఒక్కరూ లేరు. ఆ జాబితా చూశాకే ఈ ఉత్తరం రాయాలనిపించింది.

నేను జగిత్యాల జిల్లాలో ఒక గ్రామ సమాఖ్యకు వీవోఏగా పనిచేస్తున్నాను. మహిళా సంఘాల పుస్తకాలు రాయడం, బ్యాంకు అప్పులు ఇప్పించడం, వాయిదాలు కట్టించడం నా పని. అయితే ఆడవాళ్లు నలుగురు కూర్చున్న చోటికి అప్పు సంగతి ఒక్కటే రాదు. భర్త కొట్టాడని ఒకరు చెప్తారు. దుబాయ్ వీసా ఇప్పిస్తానని ఏజెంట్ డబ్బులు తీసుకుని ఫోన్ ఎత్తడం లేదని ఇంకొకరు చెప్తారు. కాలేజీకి పోయే బిడ్డ వెంట బస్టాండు నుంచి ఎవడో బండేసుకుని వస్తున్నాడని మరొకరు చెప్తారు. ఇవన్నీ ఠాణాకు పోవాల్సిన విషయాలే. పోదామా అంటే మాత్రం చాలామంది వెనక్కి తగ్గుతారు. "వద్దక్కా, ఠాణా మెట్లెక్కితే ఊళ్లె మొఖం ఎత్తుకొని తిరగలేం" అంటారు. పోలీసుల మీద ప్రజలకు నమ్మకం కలగాలి అని పెద్దలు మాట్లాడినప్పుడల్లా నాకు ఈ మాటే గుర్తుకొస్తుంది.

ఈ భయానికి మా ప్రాంతంలో పాత చరిత్ర ఉంది. 1978లో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను ప్రభుత్వం కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. ఆ తర్వాత చాలా ఏళ్లు మా పల్లెల్లో పోలీసు జీపు వచ్చిందంటే తలుపులు మూసుకునేవారు. రాత్రి అన్నలు (నక్సలైట్లు) వచ్చి అన్నం పెట్టమనేవారు, తెల్లారి పోలీసులు వచ్చి ఎవరు పెట్టారో చెప్పమనేవారు. ఇద్దరి మధ్య నలిగింది ఊరివాళ్లు. మా అమ్మ తరం వాళ్లు ఇప్పటికీ ఖాకీ బట్టలు చూస్తే మాట మార్చేస్తారు. ఆ రోజులు పోయాయి, నిజమే. కానీ భయం ఇంట్లో పెద్దవాళ్ల నుంచి పిల్లలకు వచ్చేస్తుంది. "ఏడిస్తే పోలీసోళ్లకు పట్టిస్త" అని పసిపిల్లల్ని బెదిరించే అలవాటు మా ఊళ్లలో ఇంకా ఉంది. కష్టం వస్తే పోలీసు దగ్గరికి పోవాలని ఆ పిల్లకు పెద్దయ్యాక ఎలా తోస్తుంది?

అలాంటి చోట కూడా నమ్మకం ఎలా పుడుతుందో నేను దగ్గరుండి చూశాను కాబట్టే ధైర్యంగా రాస్తున్నాను. మా ఊరికి విలేజ్ పోలీస్ ఆఫీసర్‌గా ఒక కానిస్టేబుల్‌ను వేశారు. ముప్పై ఏళ్లు కూడా ఉండవు ఆయనకు. మొదట్లో వచ్చి పంచాయతీ ఆఫీసులో సంతకం పెట్టి వెళ్లిపోయేవారు. ఒకసారి సమాఖ్య మీటింగుకు రమ్మని పిలిస్తే వచ్చారు. ఉపన్యాసం చెప్పలేదు. చాప మీద మాతో పాటే కూర్చుని, తన ఫోన్ నంబరు అందరికీ రాసిచ్చి, ఏమైనా ఉంటే చెప్పండని ఊరుకున్నారు. ఎవరూ నోరు తెరవలేదు. తర్వాతి నెల మళ్లీ వచ్చారు. ఆ నెల ఒక పెద్దావిడ, తన ఇంటి పక్క బెల్టు షాపు దగ్గర పొద్దుగూకాక మగవాళ్లు గుమికూడుతున్నారని, కోడలు బయటికి రావాలంటే జంకుతోందని చెప్పింది. ఆయన రాసుకున్నారు. ఆ వారంలోనే సాయంత్రం పూట ఆ సందులో బండి ఆపి కాసేపు నిలబడటం మొదలుపెట్టారు. బెల్టు షాపు పూర్తిగా పోలేదు. కానీ ఆ గుంపు పలచబడింది. ఆ పెద్దావిడ చెప్తే పని జరిగిందని ఊళ్లో ఆడవాళ్లందరికీ తెలిసింది.

ఆ తర్వాత మా సంఘంలో బీడీలు చుట్టే ఒకావిడకు బ్యాంకు నుంచి అని ఫోనొచ్చింది. ఓటీపీ చెప్పించుకుని ఖాతాలో ఉన్నదంతా లాగేశారు. ఇంతకుముందైతే ఆమె నాలుగు రోజులు ఏడ్చి, భర్తకు తెలిస్తే తిడతాడని దాచిపెట్టేది. ఆ రోజు మాత్రం వెంటనే కానిస్టేబుల్‌కు ఫోన్ చేసింది. ఆయన అప్పటికప్పుడే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయించి వివరాలు చెప్పించారు. డబ్బు అవతలివాళ్ల ఖాతా నుంచి ఖాతాకు దాటిపోకముందే ఆపాలి కాబట్టి మొదటి గంటలు ముఖ్యమని అప్పుడే తెలిసింది మాకు. ఆమె డబ్బులో కొంత ఆగింది. నంబరు గోడ మీద రాసి ఉండటం వేరు, ఆ ఆపదలో ఎవరికి ఫోన్ చేయాలో ఒక ముఖం గుర్తుకు రావడం వేరు. ఆమెకు ఆ ముఖం గుర్తుకొచ్చింది.

ఇంత జరిగాక ఆయన్ని వేరే చోటికి మార్చేశారు. కొత్తాయన పేరు పంచాయతీ గోడ మీద రాశారు. మనిషిని మేము ఎప్పుడో ఒకసారి చూస్తాం. ఇందులో ఆయన తప్పు లేదు. హనుమాన్ జయంతి వస్తే కొండగట్టు బందోబస్తు, బ్రహ్మోత్సవాలు వస్తే ధర్మపురి, శివరాత్రికి వేములవాడ, రెండేళ్లకోసారి మేడారం జాతర. మధ్యలో ఎన్నికలు, మంత్రుల పర్యటనలు, పరీక్షల పేపర్లకు కాపలా. ఊళ్లు తిరగాల్సిన కానిస్టేబుల్ ఏడాదిలో ఎన్ని నెలలు ఊళ్లు తిరగగలడు? పండుగ పూట ఇంట్లో లేని మనిషి, సెలవు దొరక్క పిల్లల పుట్టినరోజుకూ పోలేని మనిషి మా గోడు ఓపికగా వినాలంటే అతనికీ కాస్త ఊపిరి కావాలి. పోలీసులకు సమయానికి వారాంతపు సెలవు దొరకాలన్నది వాళ్ల సమస్య మాత్రమే కాదు, అది మా సమస్య కూడా.

కేరళలో 2008లో జనమైత్రి సురక్ష పేరుతో మొదట 20 పోలీస్ స్టేషన్లలో మొదలుపెట్టిన పద్ధతి గురించి చదివాను. అక్కడ బీట్ ఆఫీసర్‌కు దాదాపు 500 ఇళ్లు అప్పగిస్తారు. ఆ ఇళ్లన్నీ అతను తిరగాలి, ఆ కుటుంబాలు అతనికి తెలియాలి, అతను వాళ్లకు తెలియాలి. కమిటీ కూడా ఉంటుంది, కానీ కాళ్లు అరిగేలా తిరిగేది ఆ బీట్ ఆఫీసరే. మన దగ్గర సాధారణంగా దీన్ని తలకిందులుగా చేస్తాం. ముందు కమిటీ వేస్తాం, తర్వాత సభ పెడతాం, ఇల్లిల్లూ తిరగడం చివరికి మిగిలిపోతుంది. ఉమ్మడి రాష్ట్రంలో 2000 ప్రాంతంలో మైత్రి కమిటీలు వచ్చాయి. మా మండలంలో ఆ కమిటీల్లో కూర్చున్నదీ ఇప్పుడు జాబితాలో ఉన్నవాళ్లలాంటి వాళ్లే. ఊళ్లో పలుకుబడి ఉన్న మనిషికి ఠాణాకు పోవడానికి కమిటీ అక్కర్లేదు. ఆయన ఫోన్ చేస్తే చాలు. కమిటీ కావాల్సింది ఫోన్ చేసే ధైర్యం లేనివాళ్లకు.

ఇంకో ప్రమాదం కూడా ఉంది. తమిళనాడులో 1993లో రామనాథపురం జిల్లాలో ఫ్రెండ్స్ ఆఫ్ పోలీస్ అని మొదలైంది. ప్రజలు పోలీసులకు తోడుగా ఉండాలన్న మంచి ఉద్దేశమే అది. 2020 జూన్‌లో సాత్తాన్‌కుళంలో లాక్‌డౌన్ వేళ దాటాక దుకాణం తెరిచారని తండ్రీకొడుకులను పట్టుకెళ్లారు. ఇద్దరూ కస్టడీ హింసకు గురై చనిపోయారు. అందులో ఆ వాలంటీర్ల పాత్ర కూడా ఉందని ఆరోపణలు రావడంతో జూలైలో ప్రభుత్వం ఆ వ్యవస్థనే నిషేధించింది. ఊళ్లో నలుగురు కుర్రాళ్లకు టీషర్టులు ఇచ్చి, పోలీసు మనుషులని పేరు పెడితే, వాళ్లు మాకు తోడుంటారా, మా మీద పెత్తనం చేస్తారా అన్నది ముందే ఆలోచించాలి. ఊరి కక్షలు, కులం పంచాయితీలు ఆ కుర్రాళ్లకూ ఉంటాయి. కమిటీ సభ్యుడికి లాఠీ ఉండకూడదు, ఎవరినీ ఆపి సోదా చేసే అధికారం ఉండకూడదు, ఏ కేసులోనూ రాజీ కుదిర్చే పని అప్పగించకూడదు. ఇది రాతపూర్వకంగా ఉండాలని నేను గట్టిగా కోరుతున్నాను.

రాజీ మాట వచ్చింది కాబట్టి దాని గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి. ఊళ్లో సభ ఎంత బాగా జరిగినా, నమ్మకం నిలబడేదీ కూలిపోయేదీ ఠాణాలో ఫిర్యాదులు రాసుకునే రైటర్ టేబుల్ దగ్గరే. మా సంఘం ఆవిడను ఆమె భర్త చెయ్యి విరిగేలా కొట్టాడు. ఆస్పత్రిలో కట్టు కట్టించుకుని, నన్ను వెంటబెట్టుకుని ఠాణాకు వచ్చింది. అక్కడ మమ్మల్ని మర్యాదగానే కూర్చోబెట్టారు, నీళ్లు కూడా ఇచ్చారు. పిటిషన్ తీసుకున్నారు. కానీ తీసుకున్నట్టు రసీదు ఇవ్వలేదు. "రేపు ఆయన్ని పిలిచి మాట్లాడతాం, మీ పెద్దమనుషుల్ని కూడా తీసుకురండి" అన్నారు. మర్నాడు భర్త తరఫున పదిమంది వచ్చారు, ఈమె తరఫున తమ్ముడొక్కడు. కాగితం రాయించుకుని పంపేశారు. మూడు వారాలకు అదే భర్త అదే ఇంట్లో మళ్లీ కొట్టాడు. ఈసారి ఠాణాకు పోదామని నేనంటే ఆమె నా వైపు చూసి, "పోయినందుకే కదక్కా ఇంకింత కొట్టిండు" అంది. ఈ మాట విన్న మిగతా ఆడవాళ్లు మరోసారి ఠాణా గడప తొక్కుతారా?

పోలీసులు నేరుగా కేసు కట్టదగిన (కాగ్నిజబుల్) నేరం జరిగిందని చెప్తే కేసు నమోదు చేయాలని 2013లోనే లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం ఎఫ్‌ఐఆర్ కాపీ ఫిర్యాదుదారుకు ఉచితంగా ఇవ్వాలి. నేరం ఎక్కడ జరిగినా ఏ ఠాణాలోనైనా ఫిర్యాదు తీసుకోవాలి. ఠాణాలో తీసుకోకపోతే ఎస్పీకి పోస్టులో పంపొచ్చు, అక్కడా కాకపోతే మేజిస్ట్రేట్ దగ్గరికి పోవచ్చు. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లోగా బాధితులకు చెప్పాలని కూడా చట్టంలో ఉంది. ఇన్ని ఉన్నా మా ఆడవాళ్లు సోమవారం వచ్చిందంటే కూలి పోగొట్టుకుని, బస్సెక్కి జిల్లా కేంద్రానికి అర్జీ పట్టుకుని పోతున్నారు. మండలంలో దొరకాల్సిన కాగితం కోసం జిల్లాకు పోవాల్సిన అవసరం ఏముంది?

ఠాణాల హద్దుల సంగతి మనందరికీ గుండెల్లో దిగిన విషయం. 2019 నవంబర్‌లో శంషాబాద్ దగ్గర పశువైద్యురాలిపై జరిగిన ఘోరం ఎవరూ మర్చిపోలేదు. ఆ రాత్రి ఆ తల్లిదండ్రులు ఠాణాకు పోతే ఇది మా పరిధి కాదని తిప్పారన్న ఆరోపణ వచ్చింది. కేసు నమోదులో ఆలస్యం చేశారని ముగ్గురు పోలీసులను సస్పెండ్ చేశారు. ఆ తర్వాత జరిగిన ఎన్‌కౌంటర్‌కు చాలామంది చప్పట్లు కొట్టారు, పోలీసుల మీద పూలు చల్లారు. నేను కొట్టలేదు. ఆ రాత్రి వెంటనే వెతకడానికి బయలుదేరి ఉంటే అన్న ఆలోచన నన్ను వదల్లేదు. పూలు చల్లడం నమ్మకం కాదని నా అభిప్రాయం. అర్ధరాత్రి బిడ్డ కనపడటం లేదని చెప్తే, వయసు అడగకుండా, ఎవరితోనైనా వెళ్లిపోయిందేమో అనకుండా, వెంటనే బండి తీస్తారన్న ధీమా ఉండటమే నమ్మకం.

పోలీసులు మంచి పనులు చేయడం లేదని నేను అనడం లేదు. 2014 అక్టోబర్‌లో హైదరాబాద్‌లో మొదలైన షీ టీమ్స్ మా జిల్లాల దాకా వచ్చాయి. మఫ్టీలో బస్టాండుల్లో నిలబడే ఆ ఆడ కానిస్టేబుళ్ల వల్ల మా ఊరి పిల్లలు కొందరు చదువు మానకుండా ఉన్నారు. 2023లో వినాయక నిమజ్జనం, మిలాద్ ఉన్ నబీ రెండూ సెప్టెంబర్ 28నే వచ్చినప్పుడు హైదరాబాద్‌లో ఏమవుతుందోనని అందరికీ టెన్షన్. ముస్లిం పెద్దలు తమ ఊరేగింపును అక్టోబర్ 1కి మార్చుకున్నారు. కర్ఫ్యూలు చూసిన నగరం అది. అలాంటి చోట ఒక పండుగ ఊరేగింపును మూడు రోజులు వాయిదా వేసుకోవడానికి ఒప్పుకున్నారంటే, దాని వెనక ఎన్నో ఏళ్లుగా కూర్చుని మాట్లాడుకున్న పరిచయాలు ఉండి ఉంటాయి. గొడవ రేపనగా పరిచయం చేసుకుంటే ఆ పని జరగదు.

కెమెరాల గురించి ఒక మాట. 'నేను సైతం' అని ఊరూరా చందాలు వేసి సీసీ కెమెరాలు పెట్టించారు. మా సంఘాలు కూడా ఇచ్చాయి. దొంగతనాలు పట్టుకోవడానికి అవి పనికొచ్చాయి, కాదనను. మా ఊళ్లో అవి మెయిన్ రోడ్డు మీద, దుకాణాల ముందు ఉన్నాయి. కాలనీ దారిలో, ఆడపిల్లలు నడిచే చీకటి దారిలో లేవు. అంతకన్నా ముఖ్యమైనది ఠాణా లోపలి సంగతి. ప్రతి ఠాణాలో లాకప్, వరండా, రిసెప్షన్, అధికారుల గదులతో సహా మాటలు కూడా రికార్డయ్యే కెమెరాలు ఉండాలని, ఆ రికార్డు ఏడాదికి తగ్గకుండా భద్రపరచాలని 2020 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. అవి సరిగా పనిచేయడం లేదన్న వార్తలు చూసి 2025లో తనంతట తానే మళ్లీ విచారణ చేపట్టింది. మా వీధిలో కెమెరా పెట్టుకోమని మమ్మల్ని అడిగినప్పుడు మేము సరేనన్నాం. ఠాణాలో కెమెరా పనిచేస్తోందా అని అడిగే హక్కు మాకూ ఉండాలి. నెలనెలా కమిటీ మీటింగ్ ఠాణాలోనే పెట్టి, ఆ కెమెరాల తెర చూపిస్తే ఎంత బాగుంటుంది.

మా సమాఖ్య మొన్నటి మీటింగులో ఒక తీర్మానం రాసింది. కమిటీలో సగం మంది ఆడవాళ్లు ఉండాలి. ఎస్సీ కాలనీ నుంచి, గల్ఫ్‌కు పోయినవాళ్ల కుటుంబాల నుంచి సభ్యులు ఉండాలి. నెల మీటింగులో అడిగిన ప్రతి విషయానికీ తర్వాతి నెల మీటింగులో ఏం చేశారో చెప్పాలి. చేయలేకపోతే ఎందుకు చేయలేకపోయారో అదైనా చెప్పాలి. ఠాణాలో ఇచ్చిన ప్రతి పిటిషన్‌కూ తేదీ, నంబరు వేసి రసీదు ఇవ్వాలి. ఆడమనిషి వచ్చి దెబ్బలు చూపించినప్పుడు పెద్దమనుషుల్ని పిలిపించకూడదు. కావాలంటే హింసకు గురైన ఆడవాళ్లకు సాయం చేసే సఖి కేంద్రానికి పంపండి, కానీ కేసు రాసిన తర్వాత పంపండి.

అన్నిటికన్నా ముందు కోరేది ఊరి కానిస్టేబుల్ గురించే. ఒక్కొక్కరిని కనీసం మూడేళ్లు అదే ఊళ్లలో ఉంచండి. వారంలో రెండు రోజులైనా ఎలాంటి బందోబస్తుకూ పంపకుండా ఊళ్లకే వదిలేయండి. బదిలీ చేయక తప్పకపోతే, పాతాయన కొత్తాయన్ని వెంటబెట్టుకుని ఊరంతా తిప్పి, మా మీటింగుకు తీసుకొచ్చి, ఏ ఇంట్లో ఏ గొడవ నడుస్తోందో, ఏ ముసలమ్మ ఒంటరిగా ఉంటోందో చెప్పి అప్పగించి వెళ్లాలి. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, కొత్త వాహనం అక్కర్లేదు. జిల్లా అధికారి ఒక ఉత్తర్వు రాస్తే చాలు.

తీర్మానం కాపీ ఠాణాకు, జిల్లా పోలీసు కార్యాలయానికి పంపాం. మీ పత్రిక చదివే మిగతా మండలాల సమాఖ్యలు కూడా తమ ఊరి కమిటీ జాబితా తెప్పించుకుని చూడాలని, అందులో తమ పేర్లు లేకపోతే ఈ నెల మీటింగులోనే రాతపూర్వకంగా అడగాలని కోరుతున్నాను. మా సమాఖ్య మీటింగ్ ప్రతి నెలా పదో తేదీన స్కూలు పక్క భవనంలో జరుగుతుంది. కొత్తగా వచ్చిన కానిస్టేబుల్ గారికి కబురు పంపాం, వస్తానన్నారు.

– ఒక గ్రామ సమాఖ్య వీవోఏ,
జగిత్యాల జిల్లా